ముందు గాలిని చదవండి, తర్వాతే పటం

(మాస్టారి స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



నాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేర జరిగే సభ కాబట్టి తుపాన్ల గురించో రుతుపవనాల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. విశాఖపట్నంలో నిలబడి అమెరికా తూర్పు తీరంలో కురిసే మంచు గురించి మాట్లాడటం వింతగానే ఉంటుంది. కానీ నా పని అక్కడే. ఇక్కడ చదివిన పిల్లల్లో కొందరు అక్కడికే వస్తున్నారు. డిసెంబరు వచ్చేసరికి న్యూజెర్సీలోని మనవాళ్ళ ఫోన్లన్నీ రంగుల పటాలతో నిండిపోతాయి. గులాబీ రంగు పడితే ఇరవై అంగుళాలు, ఊదా పడితే ముప్పై. "బుధవారం స్నో పడుతుందటగా, ఇండియా ఫ్లైటు మార్చుకోమంటారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు బాధ్యతగా జవాబు చెప్పాలంటే మోడల్ లెక్కల్ని ఎలా చదవాలి? ఈ రోజు నా విషయం అదే. దానికి కావలసిన పద్ధతి నాకు మాస్టారి దగ్గరే దొరికింది.

సాయంత్రం ఉరుములు వస్తాయా అని అడిగితే ఆయన కిటికీలోంచి చూసేవారు కాదు. ఉదయం బెలూన్ పంపిన అంకెలు మా చేతికిచ్చి టీ-ఫై గ్రామ్ గీయమనేవారు. పెన్సిలు చెక్కుకుని, నేల నుంచి పైకి, ఒక్కో మట్టం దగ్గర ఉష్ణోగ్రత, తేమ చుక్కలు పెట్టి కలపాలి. గీసిన తర్వాత "ఏముంది?" అని అడిగేవారు. "వర్షం" అంటే ఊరుకునేవారు కాదు. ఎక్కడ వేడి ఉంది, ఎక్కడ తేమ ఉంది, గాలి ఏ ఎత్తులో దిశ మార్చింది, ఇవి చెప్పాకే వర్షం సంగతి. గాలి స్తంభాన్ని అడుగు నుంచి పైదాకా చదవకుండా నేల మీద ఏం పడుతుందో చెప్పకూడదని ఆయన పట్టుదల. మంచు విషయంలో ఆ పట్టుదల ఎంత అవసరమో చెప్పడానికి 2015 జనవరి నాటి ఒక ఉదంతం చాలు.

ఆ నెల 26, 27 తేదీల్లో తూర్పు తీరం మీదికి పెద్ద మంచు తుపాను వచ్చింది. న్యూయార్క్ నగరానికి రెండు నుంచి మూడు అడుగుల మంచు పడవచ్చని హెచ్చరికలు వెలువడ్డాయి. నగర చరిత్రలోనే అతి పెద్ద తుపాను కావచ్చని మేయరు ప్రకటించారు. మంచు కారణంగా సబ్‌వే రైళ్ళను పూర్తిగా ఆపేయడం అదే మొదటిసారి. తెల్లారి చూస్తే సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. అంటే పాతిక సెంటీమీటర్లు. అక్కడికి తూర్పున సుమారు 75 కిలోమీటర్ల దూరంలో లాంగ్ ఐలాండ్ మీదున్న ఐస్లిప్‌లో మాత్రం 24.9 అంగుళాలు పడింది. ఇంకా ఉత్తరాన మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5 అంగుళాలు. తుపాను తప్పలేదు, బలహీనపడలేదు. అనుకున్నదానికన్నా కొంచెం తూర్పుగా నడిచింది, అంతే. దాని పడమటి అంచు న్యూయార్క్‌కు ఇవతలా అవతలా అన్నదే మొత్తం తేడా.

దానికి ముందు రెండు రోజులు మోడళ్ళు ఏం చెప్పాయో చూడండి. యూరప్ దేశాల ఉమ్మడి కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ నగరం మీద భారీగా మంచు చూపింది. 2012లో శాండీ తుపాను తీరం వైపు తిరుగుతుందని అందరికన్నా ముందు చూపింది కూడా అదే కాబట్టి దాని మాటకు విలువ ఎక్కువ. అమెరికా వారి జీఎఫ్‌ఎస్ మోడల్‌ను ఆ జనవరి మధ్యలోనే 13 కిలోమీటర్ల గళ్ళకు మార్చారు. అది భారీ మంచును తూర్పు వైపే ఉంచి నగరానికి తక్కువ ఇచ్చింది. తుపాను దాటాక ఫిలడెల్ఫియా దగ్గరి మౌంట్ హోలీ వాతావరణ కార్యాలయం అధిపతి గ్యారీ జాట్కోవ్‌స్కీ ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. జాతీయ వాతావరణ సేవకు అప్పటి డైరెక్టరు లూయీ ఉచ్చెలీనీ, అనిశ్చితిని ప్రజలకు ఇంకా బాగా చెప్పి ఉండాల్సిందన్నారు. ఉచ్చెలీనీ పాల్ కోసిన్‌తో కలిసి ఈశాన్య అమెరికా మంచు తుపాన్ల మీద ప్రామాణిక గ్రంథం రాసిన మనిషి. ఆ విషయం ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు అరుదు.

చాలామంది దీని నుంచి "ఈసారి అమెరికా మోడల్ గెలిచింది" అన్న పాఠం తీసుకున్నారు. అది నాకు సమ్మతం కాదు. మోడళ్ళ మధ్య పందెం పెట్టుకుంటే మరుసటి తుపానుకు ఇంకోటి గెలుస్తుంది. అసలు చూడాల్సింది ఆ అంచు. 75 కిలోమీటర్లలో పది అంగుళాల నుంచి పాతిక అంగుళాలకు మారిపోయింది. 13 కిలోమీటర్ల గళ్ళలో ఆ దూరం ఆరు గళ్ళకు మించదు. ఏ మోడలైనా నమ్మకంగా చూపగల అతి చిన్న ఆకారం దాని గళ్ళలో ఆరేడింటి వెడల్పైనా ఉండాలి. అంటే ఆ అంచు మోడల్ చూపు ఆనే చివరి హద్దు దగ్గర ఉంది. నగరం ఆ అంచు కింద ఉంది. ఇది ముందు రోజు పటంలోనే కనిపించే సంగతి. ఆ పటాన్ని "నా ఊరి మీద ఏ రంగు?" అని చూసినవారికి కనపడలేదు. "రంగులు ఎక్కడ దగ్గర దగ్గరగా కుక్కుకుని ఉన్నాయి?" అని చూస్తే కనపడేది.

ఇంతకీ మోడల్ అంటే ఏమిటి? గాలి కదలికల సమీకరణాల్ని అంకెలతో సాధించడమే. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ ఆ లెక్క చేతితో చేశాడు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందని వచ్చింది. అసంభవమైన జవాబు. అయినా దాచుకోకుండా 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. 1950లో వాతావరణ శాస్త్రవేత్త చార్నీ బృందం ఎనియాక్ కంప్యూటరు మీద, లెక్కతో జోస్యం చెప్పాలన్న ఆ కలను మొదటిసారి నిజం చేసింది. ఈ రోజు జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది: 00, 06, 12, 18 యూటీసీ. యూటీసీ సున్నా గంటలంటే మనకు తెల్లవారుజామున ఐదున్నర. ఇదే విశాఖలో, మచిలీపట్నంలో, హైదరాబాద్ బేగంపేటలో మన వాతావరణ శాఖవారి బెలూన్ల వేళ కూడా. ఆ అంకెలు ప్రపంచ సమాచార వ్యవస్థలో కలిసి, ఉపగ్రహాల కొలతలతో పాటు అన్ని పెద్ద మోడళ్ళలోకీ వెళతాయి. ప్రపంచమంతటి గాలి ఒకటే లెక్క. న్యూయార్క్ జోస్యంలో బేగంపేట బెలూన్‌కూ వాటా ఉంది.

ఇక చదవడం. కొత్తగా చేరిన విద్యార్థి మొదట పట్టుకునేది 540 గీత. వెయ్యి, 500 హెక్టోపాస్కల్ మట్టాల మధ్య గాలి పొర మందం 5,400 మీటర్లుంటే ఆ పొర సగటు ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 7 డిగ్రీలు. ఆ గీతకు ఉత్తరాన మంచు, దక్షిణాన వాన అని పాత లెక్క. మే నెలలో విశాఖ మీద ఆ మందం 5,800 చుట్టూ ఉంటుంది. మొదటి చూపుకు 540 మంచి గీతే. కానీ అది సగటు. సగటు మాట నమ్మితే మధ్యలో ఉన్నది తెలియదు.

అందుకే సౌండింగ్, అంటే మట్టం మట్టానికీ గాలి అంకెలు, తెరవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. మధ్య న్యూజెర్సీ, తుపాను ముందు రాత్రి. నేల మీద మైనస్ 2. 925 హెక్టోపాస్కల్ దగ్గర, అంటే సుమారు 750 మీటర్ల ఎత్తులో, మైనస్ 5. 850 దగ్గర, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 1. 700 దగ్గర మైనస్ 4. అన్ని మట్టాలూ సున్నాకు దిగువే. ఫోన్లో పటం నిండుగా నీలం చూపిస్తుంది, పది అంగుళాల మంచు అంటుంది. ఇప్పుడు 850కీ 700కీ మధ్య ఏముందో చూడండి. 800 దగ్గర, రెండు కిలోమీటర్ల ఎత్తున, ప్లస్ 3. దక్షిణం నుంచి, సముద్రం మీదుగా వచ్చిన వెచ్చటి గాలి అక్కడ నాలుకలా దూరి ఉంది. పైనుంచి దిగే మంచు పలుకు ఆ పొరలో పూర్తిగా కరిగి చినుకవుతుంది. కింద మైనస్ 5 పొర తగినంత మందంగా ఉంటే మళ్ళీ గడ్డకట్టి టకటకలాడే స్లీట్‌గా పడుతుంది. పలచగా ఉంటే చినుకు చినుకుగానే దిగి, నేలనూ కొమ్మనూ కరెంటు తీగనూ తాకిన క్షణాన గాజులా బిగుసుకుంటుంది. అది ఫ్రీజింగ్ రెయిన్. 1998 జనవరిలో క్యూబెక్‌లో, ఒంటారియోలో, న్యూ ఇంగ్లండ్‌లో టవర్లను కూల్చి లక్షల ఇళ్ళను చీకటి చేసింది అదే. పది అంగుళాల మంచుకు ఊరు సిద్ధపడుతుంది. అర అంగుళం ఐసుకు సిద్ధపడటం చాలా కష్టం.

వెచ్చటి పొర గరిష్ఠం ఒక డిగ్రీ లోపు ఉంటే మంచు చాలావరకు బతికి బయటపడుతుంది. ఒకటి, మూడు మధ్య ఉంటే సగం కరుగుతుంది. మూడుకు చేరితే నీరే. ఆ రెండు డిగ్రీల తేడాకు ఇంత పర్యవసానం. పైగా అప్పలాచియన్ కొండలకు తూర్పున ఈ స్థితి తరచూ ఏర్పడుతుంది. ఉత్తరాన అధిక పీడనం కూర్చుంటే, బరువైన చల్లటి గాలి కొండల వారన దక్షిణానికి జారి అక్కడే చిక్కుకుపోతుంది. దాని మీదుగా వెచ్చటి గాలి ఎక్కిపోతుంది. ఆ చల్లటి పొరను మోడళ్ళు ఉన్నదానికన్నా త్వరగా చెదరగొట్టేస్తాయి. ఇది అక్కడి ఫోర్‌కాస్టర్లందరికీ అనుభవంలో ఉన్న బలహీనత. అందుకే అలాంటి రోజున మోడల్ "మధ్యాహ్నానికల్లా వాన" అన్నా వాళ్ళు తొందరపడరు.

నేల దగ్గర ఇంకో సంగతి. సాయంత్రం బయట 3 డిగ్రీలుంది, మంచెలా పడుతుందని అడుగుతారు. డ్యూ పాయింట్ చూడండి. అది మైనస్ 10 అయితే గాలి బాగా పొడిగా ఉందన్నమాట. మంచు పడటం మొదలుకాగానే అందులో కొంత ఆవిరై గాలిని చల్లారుస్తుంది. అది ఆగే చోటు తడి బల్బు ఉష్ణోగ్రత, ఈ లెక్కన దాదాపు మైనస్ 1. ప్రాక్టికల్ పరీక్షలో తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు మీరంతా చూసినదే. మంచు జోస్యంలో నేల ఉష్ణోగ్రత కన్నా దానిదే పైమాట.

మంచని తేలాక ఎంత అన్న ప్రశ్న. మోడల్ నేరుగా లెక్కించేది నీటినే, మంచు లోతును కాదు. ఎన్ని మిల్లీమీటర్ల నీరు దిగుతుందో చెబుతుంది. దాన్ని లోతుగా మార్చేది పటం తయారుచేసినవాడు పెట్టుకున్న నిష్పత్తి. మామూలుగా ఒకటికి పది పెడతారు. తీరం దగ్గరి తడి మంచుకు అది ఐదారు కావచ్చు, బాగా చలిగా ఉన్న రోజున ఇరవై దాటొచ్చు. గుంటూరు మిల్లులో బేలుగా బిగించిన దూదీ, ఏకి పరిచిన దూదీ తూకానికి ఒకటే. పరుపెంత ఎత్తు అన్నది వేరే లెక్క. నిష్పత్తిని నిర్ణయించేది పలుకుల ఆకారం. ఆకారాన్ని నిర్ణయించేది అవి పెరిగిన చోటి చలి, తేమ. జపాన్‌లో హొక్కయిదో విశ్వవిద్యాలయంలో నకాయా ఉకిచిరో 1936లో కుందేలు వెంట్రుక మీద మొదటి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచి ఈ సంబంధాన్ని కనిపెట్టాడు. మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 చుట్టూ కొమ్మలు చాచిన ఆరు రేకుల నక్షత్రాలు. కాబట్టి సౌండింగ్‌లో మైనస్ 12 నుంచి మైనస్ 18 వరకున్న పొరను గుర్తుపెట్టుకుని, గాలి బలంగా పైకి లేచే చోటు సరిగ్గా ఆ పొరలో పడుతోందా అని చూడాలి. పడితే మంచు గుల్లగా, ఎత్తుగా పేరుకుంటుంది. ఆ కలయిక దొరికిన రోజున మోడల్ నీరు తక్కువ చూపినా నేను తేలిగ్గా తీసుకోను.

కూచెరా పద్ధతి అని ఒకటుంది. కింది పొరల్లోని గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి నిష్పత్తిని మార్చుతుంది. మొండి పదికన్నా మేలే, కానీ పలుకు పెరిగే పొర సంగతి దానికీ పట్టదు. ఇక సామాన్యుల చేతికొచ్చే పటాల్లో చాలావాటికి స్లీట్ కూడా మంచే. దాన్నీ పదితో గుణించేస్తాయి. ఇందాకటి సౌండింగ్ ఉన్న రాత్రి ఆ పటం చూపిన పది అంగుళాలు ఎక్కడివో ఇప్పుడు మీకు తెలుసు.

ఫైళ్ళు స్వయంగా తెరిచేవారికి రెండు జాగ్రత్తలు. మోడల్ లెక్కలుండే గ్రిబ్ ఫైల్లో ఈసీఎండబ్ల్యూఎఫ్ వర్షపాతం మీటర్లలో ఉంటుంది, రన్ మొదలైనప్పటి నుంచి కూడుతూ పోతుంది. ఆరు గంటల లెక్క కావాలంటే తీసివేత మీరే చేయాలి. జీఎఫ్‌ఎస్‌లో ప్రమాణం మిల్లీమీటరు, కూడిక విడతలుగానూ దొరుకుతుంది. ఏ గంట నుంచి ఏ గంటకో శీర్షికలో చదవనిదే ముట్టుకోకండి. ఇక "మంచు అవునా కాదా" అని సున్నా, ఒకటి చెప్పే వరస ఒకటుంటుంది. మధ్యేమార్గం ఎరగని ఆ ఒకటిని చూసి ధీమా పడవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం. మొదటి కొలతల్లో అతి చిన్న తేడా కూడా పెరిగి పెద్దదవుతుందని వాతావరణ శాస్త్రవేత్త లొరెంజ్ 1963లో చూపించాడు. 1992 చివర్లో అమెరికా, యూరప్ కేంద్రాలు రెండూ దాన్ని పనిలోకి తెచ్చాయి. ఒకే మోడల్‌ను కొద్దికొద్దిగా మార్చిన ఆరంభాలతో అనేకసార్లు నడపడమే ఎన్సెంబుల్. ఈసీఎండబ్ల్యూఎఫ్‌లో 50 సభ్యులు, ఒక కంట్రోల్. జీఎఫ్‌ఎస్ వైపు 30, ఒక కంట్రోల్. వీటిని చదవడంలో ఎక్కువమంది సగటు దగ్గర ఆగిపోతారు. ఒక ఊరికి పాతికమంది సభ్యులు రెండు అంగుళాలు, మరో పాతికమంది ఇరవై అంగుళాలు చూపారనుకోండి. సగటు పదకొండు. పదకొండు పడుతుందని ఒక్క సభ్యుడూ అనలేదు! అక్కడ చెప్పాల్సింది రెండు కథలు: తుపాను తీరానికి అంటుకుని నడిస్తే ఒకటి, తూర్పుకు జరిగితే ఇంకొకటి. ఏ గంటకల్లా తేలుతుందో కూడా చెప్పాలి. మేయరుకు, స్కూళ్ళ అధికారికి, ఆస్పత్రి సూపరింటెండెంటుకు పనికొచ్చేది ఆ మాట. పదకొండు అన్న అంకె వాళ్ళను రెండు విధాలా ముంచుతుంది.

ఇది మోడళ్ళను తక్కువ చేయడం కాదు. 1993 మార్చి మహా తుపానును ఐదు రోజుల ముందే పట్టుకున్నారు. 2000 జనవరిలో మాత్రం నార్త్ కరొలినాలోని రాలీ మీద 20.3 అంగుళాలు పడబోతోందని ముందు రోజు దాకా మోడళ్ళు పసిగట్టలేదు. 2016 జనవరి తుపాను రోజుల ముందే కనిపించినా, ఉత్తరపు అంచు న్యూయార్క్‌ను దాటుతుందా లేదా అన్నది దాదాపు చివరిదాకా తేలలేదు. సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడి, 1869 నుంచి ఉన్న రికార్డుల్లో అదే పెద్దదైంది. ఆ అంకె కూడా మొదట 26.8 అని ప్రకటించి, విచారణ తర్వాత దిద్దినదే. జోస్యంతో పాటు కొలతకూ క్రమశిక్షణ కావాలి. తెల్లరంగు వేసిన చెక్క మీద పడిన మంచును స్కేలుతో కొలవాలి. ఆరు గంటలకొకసారి కన్నా తరచుగా చెక్కను తుడవకూడదు. తుడిచిన కొద్దీ మొత్తం పెరుగుతుంది, ఎందుకంటే మంచు తన బరువుకే అణిగిపోతుంటుంది. నేల మీది అంకె నికరంగా లేకపోతే ఏ మోడల్ మంచిదో ఎవరూ తేల్చలేరు.

మన దేశంలో ఈ విద్య అక్కర ఎక్కడ ఉందో చెప్పి ముగిస్తాను. పశ్చిమ అలజడులు తెచ్చే మంచు మీద హిమాలయాల్లో రోడ్లు, యాత్రలు, సైనికుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. 2025 మేలో మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గళ్ళతో వచ్చింది. ఆ గళ్ళలో కూడా ఒక లోయా దాని పక్కనున్న శిఖరమూ ఒకే ఎత్తుగా కలిసిపోతాయి. మోడల్ అనుకున్న ఎత్తుకూ నిజమైన ఎత్తుకూ తేడా సరిచూసుకుని సౌండింగ్‌ను చదవగలిగే మనుషులు అక్కడ కావాలి. మన పిల్లలు ఆ పనికి వెళ్ళాలి.

ఒకప్పుడు యూరప్ కేంద్రం లెక్కల్లో ఎక్కువ భాగం డబ్బు కడితేగాని దొరికేవి కావు. 2025 అక్టోబరు నుంచి దాని రియల్ టైమ్ లెక్కలన్నీ అందరికీ తెరిచారు. జీఎఫ్‌ఎస్ ఎప్పటి నుంచో ఉచితమే. కాబట్టి విద్యార్థులకు నా మాట ఇది: ఈ శీతాకాలం ఒక ఊరు ఎంచుకోండి, మనాలీ అయినా సరే, బఫెలో అయినా సరే. తుపానుకు రెండు రోజుల ముందు సౌండింగ్ చదివి, ఎన్సెంబుల్ చూసి, మీ జోస్యాన్ని కారణాలతో సహా కాగితం మీద రాయండి. మంచు పటాన్ని ఆ తర్వాతే తెరవండి. పడ్డాక కొలతతో పోల్చుకోండి. విభాగం పెద్దలకు కూడా ఒక విన్నపం. టీ-ఫై గ్రామ్‌ను చేత్తో గీయించే ల్యాబును సిలబస్ నుంచి తీసేయకండి. దాని పక్కనే వారానికి ఒక గంట మోడల్ ఫైళ్ళు తెరిచి చదివే తరగతి పెట్టండి. ఆ గంటకు మాస్టారి పేరు పెట్టండి. మొదటి ఏడాది పాఠాలు నేనే వచ్చి చెబుతాను.